తులానికి ఇరవై ట్రాక్టర్ల మట్టి

మా అమ్మ చేతులకు రెండు జతల గాజులుంటాయి. మొత్తం ఆరు తులాలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అవి ఆమె చేతులు దిగింది లేదు. ఇప్పుడైతే సబ్బు రాసినా మణికట్టు దాటి రావు. 2025 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఆ గాజుల చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, ఎండకు తెల్లగా మెరుస్తున్న ఒక పెద్ద గోతిలోకి చూస్తూ అమ్మ అంది:

"ఏంది పాపా ఇది? కొండను ఎవురో కొరికి ఉమ్మేసినట్టుండాది."

మేం నిలబడిన చోటి పేరు మలకాఫ్ డిగ్గిన్స్. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల పడమటి వాలు మీద, నెవాడా కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మేం అసలు బయల్దేరింది ఇంకా పైనున్న సియెర్రా కౌంటీకి, దాని ముఖ్యపట్టణం డౌనీవిల్‌కి. 2020 జనాభా లెక్కల్లో ఆ కౌంటీ మొత్తానికి 3,236 మంది. మా కుప్పం దగ్గర ఒక మోస్తరు పంచాయతీకి ఉండే జనం. శాన్ హోసేలో మా ఇంటి నుంచి నాలుగు గంటలకు పైగా పట్టే దారి. "అంత దూరం పోయి ఏం చూస్తారు? అక్కడ ఏమీ లేదు" అని తెలిసినవాళ్ళు అన్నారు. ఏముందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకు మలకాఫ్ గోడలు చూడగానే అవే గుర్తొస్తాయి. అదే ఎరుపు, మధ్యమధ్యలో తెలుపు, వానచారలతో నిలువునా చీలిన మట్టి స్తంభాలు. ఎర్రమట్టి దిబ్బల్ని గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్ళు చేశాయి. ఇక్కడ దాదాపు 7,000 అడుగుల పొడవు, 3,000 అడుగుల వెడల్పు, కొన్నిచోట్ల 600 అడుగుల లోతు ఉన్న గొయ్యిని బంగారం కోసం మనుషులు ముప్పై ఏళ్ళు దాటకుండా చేశారు. పారలతో కాదు, నీళ్ళతో. ఎక్కడో పైన కొండల్లో నీటిని కట్టడి చేసి, కాలవల్లో తెచ్చి, ఇనప గొట్టాల్లో కిందికి దించి, చివర ఫిరంగి లాంటి మూతి ఒకటి బిగించి కొండ మీదికి వదిలేవారు. ఆ మూతిని 'మానిటర్' అంటారు. పార్కులో ఒకటి పెట్టారు. నా నడుం ఎత్తున ఉంది. అమ్మ దాని మూతిలో చెయ్యి పెట్టి చూసింది. గాజులతో సహా చెయ్యి లోపలికి పోయింది.

ఈ పద్ధతి 1853లో ఇక్కడికి దగ్గర్లోనే, నెవాడా సిటీ పక్కన పుట్టింది. అంతకుముందు నాలుగైదేళ్ళు ఏటి ఒడ్డున జల్లెడ పట్టినవాళ్ళకు చేతికందే బంగారం అయిపోయింది. మిగిలింది పాతకాలపు నదులు వదిలేసిన గులకరాళ్ళ పొరల్లో, కొండల కింద పూడిపోయి ఉంది. ఆ కొండను కూలగొట్టి, బురదగా మార్చి, చెక్క తొట్ల గుండా పారిస్తే బరువైన బంగారం తొట్టి అడుగున ఆగుతుంది, రాయీ మట్టీ ఏట్లోకి పోతాయి. మనిషి కూలీ దాదాపు లేకపోవడంతో ఒక ఘనగజం మట్టిలో పది సెంట్ల బంగారం ఉన్నా గిట్టుబాటే.

ఆ పది సెంట్ల లెక్క నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. అప్పుడు ఔన్సు బంగారం ధర 20 డాలర్ల 67 సెంట్లు. పాత తులం 11.66 గ్రాములు, అంటే ఏడు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లు. ఘనగజానికి పది సెంట్ల చొప్పున తులం బంగారం కావాలంటే డెబ్భై ఏడు ఘనగజాలు, అంటే దాదాపు 59 ఘనమీటర్ల కొండ కావాలి. మన ఊళ్ళలో ఇసుక తోలే ట్రాక్టరు ట్రిప్పుకు సుమారు మూడు ఘనమీటర్లు పడుతుంది. తులానికి ఇరవై ట్రాక్టర్లు! మా అమ్మ గాజులకు నూట ఇరవై. పెళ్ళిలో ముప్పై తులాలు పెట్టారని చెప్పుకుంటామే, ఆరువందల ట్రాక్టర్లు వరసగా ఊళ్ళోకి వచ్చి ఆగినట్టు ఊహించుకోండి. అమ్మ గాజులు ఇక్కడి బంగారంతో చేసినవని కాదు. గ్రాముల్లో కొనే వస్తువుకు మరో కొలత కూడా ఉంటుందని నాకు మొదటిసారి తట్టింది.

ఆ మట్టి ఎటు పోయింది? దిగువకు. మన తెలుగువాళ్ళకు ఎగువ, దిగువ అనే మాటలు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ రెండు మాటల మీద మన రాష్ట్రాలు కొట్లాడుకుంటున్నాయి. ఇక్కడా అంతే. సియెర్రా నదుల్లోకి దిగిన రాయీ మట్టీ వంద కోట్ల ఘనగజాలు దాటిందని తర్వాతి కాలంలో భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. యూబా నది గర్భం పూడిపోయి పైకి లేచింది. మైదానంలోని మేరీస్‌విల్ ఊరు కరకట్టల మధ్య చిక్కుకుంది. 1875లో వరద కట్ట దాటి ఊరంతా బురద నింపింది. గోధుమ పొలాలూ పండ్లతోటలూ మేటలు వేశాయి. ఆ ఊళ్ళో ఆస్తులున్న ఎడ్వర్డ్స్ వుడ్‌రఫ్ అనే ఆయన, మలకాఫ్‌ను తవ్విన నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ గని కంపెనీ మీద దావా వేశాడు. 1884 జనవరి 7న జడ్జి లోరెంజో సాయర్ తీర్పు చెప్పాడు: ఎగువన మీరు మీ భూమిలో ఏం చేసుకున్నా, ఆ వ్యర్థాన్ని దిగువవాడి మీదికి వదిలే హక్కు మీకు లేదు. గొట్టాలు ఆగిపోయాయి. అమెరికాలో పర్యావరణం కోసం వచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో ఇదొకటి.

ఆ తీర్పును నేను మనసారా గౌరవిస్తాను. కానీ ఇన్నేళ్ళుగా ఆ కథను మనకు ఒక వైపు నుంచే చెబుతున్నారు. ఎగువవాళ్ళు పాడుచేశారు, దిగువవాళ్ళు నష్టపోయారు, కోర్టు కాపాడింది. బంగారం ఎటు పోయిందన్న ప్రశ్న ఆ కథలో లేదు. బంగారం కూడా దిగువకే పోయింది. శాన్ ఫ్రాన్సిస్కో బ్యాంకుల్లోకి, మేడల్లోకి, అక్కడి నుంచి న్యూయార్కుకూ లండన్‌కూ పోయింది. మలకాఫ్ కాలవల్ని, గొట్టాల్ని, తొట్లని నడిపిన పెట్టుబడి కొండల్లో పుట్టింది కాదు, నగరంలో పుట్టింది. ఆ గనులకు నీళ్ళు ఎప్పుడు ఎంత వదలాలో చెప్పుకోవడానికి 1878లో కొండల మీద అరవై మైళ్ళ టెలిఫోను తీగ కూడా లాగారు. ప్రపంచంలో తొలి దూరపు టెలిఫోను లైన్లలో అదొకటి. లాభం కోసం అంత తొందరగా కొత్త యంత్రం కొండెక్కింది. లాభం నిలిచిపోయాక కొండ దిగిపోవడానికి కూడా అంతే తొందరపడ్డారు. గొయ్యి మాత్రం అక్కడే ఉంది.

ఇక పాదరసం సంగతి. నేను ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే.

చెక్క తొట్ల అడుగున సన్నని బంగారు రజను నిలవదు, నీళ్ళతో కొట్టుకుపోతుంది. దాన్ని పట్టుకోవడానికి తొట్లలో పాదరసం పోసేవారు. పాదరసానికి బంగారం అంటుకుంటుంది. తర్వాత వేడి చేస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. మన ఊరి అవుసలాయన దగ్గర గిన్నెలో ఆ మెరిసే బొట్టు చూసినవాళ్ళకు ఇది తెలిసిన విద్యే. కాకపోతే అక్కడ బొట్లు కాదు, వందల పౌండ్లు. ఏటా అందులో కొంత భాగం నీటితో జారిపోయేది. కాలిఫోర్నియాలో ఇలా ఏటి ఇసుకలో బంగారం తీసే పనుల్లో పోయిన పాదరసం దాదాపు కోటి పౌండ్లని అమెరికా భూగర్భ సర్వే అంచనా. అందులో నూటికి ఎనభై తొంభై వంతులు సియెర్రాలోనే.

ఆ పాదరసంలో చాలా భాగం మా శాన్ హోసే నుంచే పోయింది. ఊరికి దక్షిణాన న్యూ అల్మడెన్ గని. దాని జీవితకాలంలో అక్కడ తీసిన పాదరసం 8 కోట్ల పౌండ్లు దాటింది. ఇక్కడి దినపత్రిక పేరులో 'మెర్క్యురీ' అనే మాట ఎందుకుందో చాలామంది అడగరు, కారణం అదే. గని మూతపడింది, ఆ కొండలు ఇప్పుడు పార్కు. ఆదివారాలు నేను అక్కడే నడుస్తాను. దిగువనున్న జలాశయాల గట్టు మీద బోర్డులుంటాయి: ఈ చేపలు తినకండి. ఏళ్ళ తరబడి ఆ బోర్డుల పక్కనుంచి నడిచాను. అది నా పేట సమస్య అనే అనుకున్నాను. మలకాఫ్ మ్యూజియంలో ఇనప ఫ్లాస్కు ముందు నిలబడ్డాక దారి మొత్తం కళ్ళకు కట్టింది. మా కొండల్లోంచి పాదరసం ఇలాంటి ఫ్లాస్కుల్లో సియెర్రా ఎక్కింది, తొట్లలోంచి ఏట్లోకి జారింది, యూబా నుంచి ఫెదర్‌లోకి, శాక్రమెంటో నదిలోకి, చివరికి మా ఇంటి ముందు ఖాతంలోకి తిరిగొచ్చింది. నూట యాభై ఏళ్ళ తర్వాత ఇప్పటికీ వస్తోంది. ఖాతం అడుగున బురదలో ఉంది, పెద్ద చేపల ఒంట్లో ఉంది.

అందుకే బంగారు సీమను చూడడానికి వెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా సిలికాన్ వ్యాలీ నుంచి వెళ్ళేవాళ్ళు, ఏదో పరాయి చరిత్రను చూడబోతున్నామని అనుకోకూడదని నా గట్టి నమ్మకం. మనం దిగువవాళ్ళం. ఆ కొండల నుంచి వచ్చినది తిన్న నగరాల్లో కాపురం ఉంటున్నాం. నేను వచ్చింది మొన్న మొన్ననే కావచ్చు. ఆస్తి పంచుకునేటప్పుడు కోడలైనా, మనవడైనా, నిన్న పుట్టిన బిడ్డైనా వాటా ఉంటుంది కదా. అప్పుకూ అదే లెక్క.

డౌనీవిల్ లోయ అడుగున ఉంటుంది. 49వ నంబరు రోడ్డు నది వెంబడి మెలికలు తిరుగుతూ వెళ్ళి, ఒకే బండి పట్టే వంతెన దాటి ఊళ్ళో పడుతుంది. ఉత్తర యూబా, డౌనీ ఏరు కలిసేది అక్కడే. 1849లో విలియం డౌనీ అనే స్కాట్లండు మనిషి తన జట్టుతో వచ్చి ఇక్కడ దిగాడు. రెండేళ్ళలో వేల మంది చేరారు. ఇప్పుడు మూడొందల మంది కూడా లేరు. మేం వెళ్ళింది మంగళవారం. వీధిలో కుక్క ఒకటి నడిరోడ్డు మీద పడుకుని ఉంది, మా కారు చూసి కూడా లేవలేదు. చెక్క కాలిబాటలు, కొండ నీడ, ఎటు తిరిగినా ఏటి హోరు. అమ్మకు ఆ హోరు బాగా నచ్చింది. "మనూరు గంగమ్మ జాతర రాత్రి మాదిరి నిద్రే రాదేమో అనుకుంటి, శుభ్రంగా నిద్ర పట్టింది" అంది మర్నాడు.

ఊరి మ్యూజియం 1852 నాటి రాతి కట్టడం. కట్టింది చైనావాళ్ళు, ముందు అది వాళ్ళ దుకాణం, జూదశాల. అదే కాలంలో కాలిఫోర్నియా శాసనసభ విదేశీ గనివాళ్ళ మీద పన్ను వేసింది. 1850లో నెలకు 20 డాలర్లు. తర్వాత తగ్గించి, మళ్ళీ పెట్టి, చివరికి ఎక్కువగా చైనావాళ్ళ దగ్గరే వసూలు చేశారు. బంగారం తవ్వడానికి వచ్చినవాళ్ళందరూ పరాయివాళ్ళే అయినా, ఎవరు విదేశీయులో తేల్చింది మాత్రం వాళ్ళలో కొందరే. ఈ దేశంలో వీసా కాగితాల మీద ఇరవై ఏళ్ళు బతికిన నాకు ఆ రాతి గోడ ముందు నుంచి వెంటనే కదలబుద్ధి కాలేదు.

వంతెన దగ్గర మరో కథ. 1851 జులై 4 రాత్రి, పండగ తాగుడులో ఒక గనివాడు జోసెఫా అనే మెక్సికన్ స్త్రీ ఇంటి తలుపు విరగ్గొట్టాడు. పొద్దున్నే మళ్ళీ వాదులాటకు వచ్చినప్పుడు ఆమె కత్తితో పొడిచింది, అతను చనిపోయాడు. గుంపు అదే రోజు అక్కడికక్కడే విచారణ జరిపింది. ఆమె గర్భవతి అని చెప్పిన డాక్టరును ఊళ్ళోంచి తరిమేసింది. సాయంత్రం వంతెన మీద ఉరి తీసింది. ఆ తర్వాత చాలా కాలం కథలన్నింట్లో ఆమె పేరు 'వానీతా' అనే రాశారు. ఉరి తీసినవాళ్ళు పేరు కూడా సరిగ్గా అడగలేదు.

నేను చెబుతుంటే అమ్మ వింటూ నడుస్తోంది. వంతెన మధ్యలో ఆగి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది. "ఆ తల్లి పేరు ఇంకొకసారి చెప్పు" అని అడిగింది. చెప్పాను. ఆమె తనలో తను రెండుసార్లు అనుకుంది. తర్వాత చెప్పులు వేసుకుని ముందుకు నడిచింది.

ఊళ్ళో కోర్టు పక్కన 1885 నాటి ఉరికొయ్య ఇప్పటికీ నిలబడి ఉంది. ఒకే ఒక్కసారి వాడారట. పర్యాటకులు దాని ముందు ఫొటోలు దిగుతారు. జోసెఫాను ఉరి తీసిన చోట ఇప్పుడున్న వంతెన మీద మేమున్న గంటసేపు ఎవరూ ఆగలేదు.

వీళ్ళందరికన్నా ముందు ఈ నదులు నిసెనాన్, మైదూ ప్రజలవి. 1848కి ముందు కాలిఫోర్నియాలో మూలవాసులు లక్షన్నర మంది ఉండేవారని చరిత్రకారుల అంచనా. 1870 నాటికి ముప్పై వేలు మిగిలారు. రోగాలూ ఆకలీ ఒక్కటే కాదు, ప్రభుత్వం డబ్బిచ్చి దళాలను పంపి చంపించింది. 1851లో రాష్ట్ర తొలి గవర్నరు శాసనసభకు ఇచ్చిన సందేశంలోనే ఈ జాతి అంతరించేదాకా యుద్ధం సాగుతుందని చెప్పాడు. నెవాడా సిటీ దగ్గర నిసెనాన్‌లకు మిగిల్చిన కాస్త భూమికి కూడా 1964లో ప్రభుత్వం గుర్తింపు తీసేసింది. ఆ గుర్తింపు కోసం వాళ్ళు ఇంకా పోరాడుతున్నారు. ఇన్ని చెప్పాక 'సాహసవంతుల కాలం' అనే మాట నా నోటికి రాదు.

తిరిగొచ్చాక ఒక భోజనాల దగ్గర ఇదంతా చెబితే ఒక స్నేహితుడు అన్నాడు: "అప్పట్లో వాళ్ళకేం తెలుసండీ. ఇప్పటి కళ్ళతో చూసి తప్పుపట్టకూడదు." ఈ మాట చాలాసార్లు విన్నాను. ఇది నిజం కాదు. అప్పట్లోనే తెలుసు. పొలాలు మునిగిన రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. సాయర్ తీర్పు 1884లో వచ్చింది, ఇప్పుడు కాదు. జోసెఫా గర్భవతి అని చెప్పిన డాక్టరు కూడా ఆ కాలం మనిషే. తెలిసినవాళ్ళు ప్రతి కాలంలోనూ ఉంటారు. వాళ్ళను ఊరి బయటికి తరిమారా లేదా అన్నదే తేడా.

ఇంకొకరు అన్నది కొంచెం బరువైన మాట: "బంగారం లేకపోతే ఈ రాష్ట్రం లేదు, మన ఉద్యోగాలూ లేవు." దీన్ని నేను తీసిపారేయలేను. ఎందుకంటే మా ఇంట్లో అన్నం గనిలోంచే వచ్చింది.

మాది కుప్పం పక్క. గుడుపల్లె దగ్గర చిగురుగుంట, బిసానత్తం గనులు. సరిహద్దు దాటితే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. మా తాత, అంటే అమ్మ నాన్న, ఛాంపియన్ రీఫ్ గనిలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాడు. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గని అది. 2001 ఫిబ్రవరి 28న అక్కడి గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్ళలో 800 టన్నుల బంగారం తీశారని చెబుతారు. మిగిలింది పదమూడు దిబ్బల్లో మూడు కోట్ల టన్నులకు పైబడిన సైనైడ్ మట్టి. గాలి లేచే కాలంలో ఆ పొడి ఊరి మీద పడుతుంది. ఊళ్ళో వేల మంది తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొస్తారు. అక్కడ కూడా బంగారం పైకి పోయింది, జనం దాని వెనకాల నగరానికి పోతున్నారు.

డౌనీవిల్ వెళ్ళే దారిలోనే గ్రాస్ వ్యాలీలో ఎంపైర్ గని ఉంది. 1850 నుంచి 1956 దాకా నడిచింది. 58 లక్షల ఔన్సుల బంగారం, 367 మైళ్ళ సొరంగాలు. అందులో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గనివాళ్ళు. మా కోలార్‌లో గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ తెచ్చిన దొరలూ, మేస్త్రీలూ ఆ కార్న్‌వాల్ వాళ్ళే. గ్రాస్ వ్యాలీలో ఇప్పటికీ వాళ్ళ పాస్టీలు అమ్ముతారు. మాంసం లేనిది ఒకటి తెచ్చి అమ్మ చేతికిచ్చాను. అరచెయ్యంత కజ్జికాయ, లోపల ఆలుగడ్డ, ఉల్లిపాయ. అంచు చేత్తో మడిచి మెలిపెట్టి ఉంది. అమ్మ దాన్ని తినకుండా ఆ మెలికను వేలితో తడుముతూ కూర్చుంది. "మా నాయన చెప్పేటోడు, దొరల డబ్బాలో గొట్టుగా ఇట్టాంటిది ఉంటాదని. కజ్జికాయేమో అనుకునేటోళ్ళం. ఇప్పుడు చూస్తి."

కాసేపటికి మళ్ళీ అంది: "ఇరవై ఎనిమిదేండ్లు బంగారు తవ్వినాడు. మా అమ్మకు రెండు పుస్తెలు తప్ప ఇంకేమీ లేదు. ఈ గాజులు మీ నాయన సంపాదనతో చేయించినవి."

తాత కూలీతోనే అమ్మ చదువుకుంది. అమ్మ చదువుకోబట్టే నేను చదివాను. గని మూతపడినప్పుడు ఏడ్చినవాళ్ళను నేను ఎరుగుదును, ఆ ఏడుపు నిజమైనది. కాబట్టి గనులంటే పాపమని, మూసేస్తే పుణ్యమని నేను అనడం లేదు. గ్రాస్ వ్యాలీలోనే 1956లో మూతపడ్డ ఐడహో-మేరీలాండ్ గనిని మళ్ళీ తెరుస్తామని ఒక కంపెనీ వస్తే, 2024 ఫిబ్రవరిలో నెవాడా కౌంటీ పాలకమండలి ఏకగ్రీవంగా వద్దంది. బావుల్లో నీళ్ళు ఇంకిపోతాయని భయపడ్డ ఇళ్ళవాళ్ళ వైపే నా మనసు ఉంది. కానీ కొన్ని వందల కొలువులొచ్చినా చాలనుకునే కుర్రాడు ఆ కౌంటీలో ఉంటే, అతన్ని అత్యాశపరుడని నేను అనలేను. అతనికి మరో దారి చూపించవలసిన బాధ్యత ఎవరిదన్నదే నా ప్రశ్న.

సియెర్రా కౌంటీ భూమిలో సగానికి పైగా జాతీయ అడవి. కేంద్ర ప్రభుత్వ భూమి మీద కౌంటీ పన్ను వేసుకోలేదు. దానికి బదులుగా 1908 నుంచి అడవి ఆదాయంలో పాతిక శాతం స్థానిక బడులకూ రోడ్లకూ ఇచ్చే ఏర్పాటు ఉండేది. కలప నరకడం తగ్గాక ఆ ఆదాయం ఎండిపోయింది. 2000లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఇంకో చట్టం చేసి గ్రామీణ బడులకు నేరుగా నిధులిచ్చింది. ఆ చట్టానికి గడువుంటుంది, ప్రతిసారీ బతిమాలి పొడిగించుకోవాలి. 2023 తర్వాత గడువు తీరింది. మేం వెళ్ళిన నాటికి ఆ నిధులు ఆగిపోయే ఉన్నాయి. ఆ అడవి మీద పడే మంచు కరిగి వచ్చే నీళ్ళను దిగువన పొలాలూ నగరాలూ వాడుకుంటాయి. ఆ అడవి గాలి కోసం మేం వారాంతాల్లో వెళతాం. బడి నడవడానికి మాత్రం ఏటా వాషింగ్టన్ వైపు చూడాలి.

ఆ కొండ ఊళ్ళకు ఇచ్చేది దానం కాదు, బాకీ. దాన్ని ఆ మాటతోనే పిలవాలని నా వాదన. రాష్ట్రంలో వదిలేసిన గనులు 47,000 దాకా ఉంటాయని కాలిఫోర్నియా ప్రభుత్వమే అంచనా వేసింది. అవి తవ్విన కంపెనీల్లో చాలావాటికి ఇప్పుడు చిరునామా కూడా లేదు. వాటి బంగారంతో లేచిన నగరాలకు మాత్రం ఉంది. వదిలేసిన గనుల శుద్ధికీ కొండ బడులకూ దిగువ నగరాల నీటి బిల్లులోంచో, ఆస్తి పన్నులోంచో కొంత శాశ్వతంగా ఎగువకు వెళ్ళే ఏర్పాటు ఉండాలి. ఓటు నాకు ఈమధ్యే వచ్చింది. నా వీధిలో ఓట్లడగడానికి వచ్చేవాళ్ళను ఇకమీద ఇదే అడుగుతాను.

చివరి రోజు పొద్దున ఊరికి కాస్త ఎగువన నదిలోకి దిగాం. సెప్టెంబరు కాబట్టి నీళ్ళు తక్కువ, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టగలిగేంత తేట. ఏరు ఎంత తేటగా ఉన్నా దానికి సముద్రంతో సంబంధం తెగిపోయి ఎనభై ఏళ్ళు దాటింది. గనుల మట్టి దిగువకు రాకుండా ఆపడానికి 1941లో యూబా మీద ఇంగిల్‌బ్రైట్ ఆనకట్ట కట్టారు. అది మట్టిని ఆపింది, దానితోపాటు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే సాల్మన్ చేపల్నీ ఆపేసింది. గుడ్లు పెట్టడానికి ఈ కొండ నీళ్ళ దాకా వచ్చే చేప ఆ గోడ దగ్గరే ఆగిపోయింది.

2024 అక్టోబరులో ప్రభుత్వ మత్స్యశాఖ వాళ్ళు ఈ నదిలో దాదాపు మూడు లక్షల సాల్మన్ గుడ్లు పెట్టారు. ఎలా పెట్టారో చదివి నేను చాలాసేపు కాగితం పక్కన పెట్టలేకపోయాను. నీటి పంపుకు గొట్టం తగిలించి, గులకరాళ్ళ మధ్యకు దించి, నీటి వేగంతో సన్నమట్టిని కడిగి, ఆ చోట గుడ్లను జారవిడిచారట. ఈ కొండల్ని కూల్చింది కూడా గొట్టంలోంచి వచ్చిన నీళ్ళే. తర్వాతి ఫిబ్రవరిలో పిల్లలు నీళ్ళలో కనబడ్డాయి. అవి తమంతట తాము సముద్రానికి పోలేవు, ఆనకట్ట ఉంది. మనుషులే పట్టి, లారీలో ఎక్కించి, ఆనకట్ట దాటించి దిగువన వదులుతున్నారు.

ఇది అమ్మకు చెబితే ఆమె నవ్వలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాలు లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఒక గుండ్రని తెల్లరాయి తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కింద గుడ్లుంటాయేమో పాపా."

"ఇప్పుడుండవులేమ్మా, వచ్చే నెల పెడతారు."

"అయినా వద్దులే" అని, గాజులు మోచేతి మీదికి తోసుకుని, రెండు దోసిళ్ళ నీళ్ళు ముఖాన చల్లుకుని ఒడ్డుకొచ్చింది.